ఇంజనీరమ్మగారు దీపాలు చూడటానికి వచ్చిన సాయంత్రం

కొల్లేరుకు ఎండతో దీపం పెట్టింది నేనే. ఈ మాట ఏలూరులో ఇప్పటికి చాలామందికి చెప్పాను. పెళ్ళి భోజనాల్లో పక్క విస్తరివాళ్ళకి, ఆసుపత్రిలో బీపీ చూసే నర్సమ్మకి, బండి తప్పిపోయి ప్లాట్‌ఫారం మీద దిగులుగా కూర్చున్న ఒక పెద్దమనిషికి కూడా. చెప్పిన ప్రతిసారీ కొల్లేరు ఇంకాస్త వెడల్పయ్యేది, దీపాలు ఇంకాస్త పెరిగేవి. మా ఆవిడ వెనకనుంచి, "ఒక్క ఊరండి. అదీ ఒక్క వీధి," అని వాళ్ళకి మెల్లగా చెప్పేసేది.

ఒప్పుకుంటున్నాను. చుట్టూ నీళ్ళున్న ఒక లంక ఊరు, ఆ ఊరికి ఉన్నదే ఒక వీధి, ఆ వీధికి డజను స్తంభాలు. కానీ ఆ డజను స్తంభాల కింద నిలబడి నేను పడ్డ వణుకు మాత్రం కొల్లేరంత ఉంటుంది. అందులో ఏమీ పెంచి చెప్పడంలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాది ఏలూరులో చిన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టు. ఇళ్ళకు వైరింగు చేసేవాళ్ళం, కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టేవాళ్ళం. ఆ రోజుల్లోనే సోలారులోకి దిగాను. ఎందుకు దిగావయ్యా అంటే, భూమి వేడెక్కిపోతోందని, రాబోయే తరాల కోసమని చెప్పేవాణ్ణి. అసలు సంగతి, వైరింగు పనులన్నీ ఐటీఐ చదివిన కుర్రాళ్ళు మాకంటే చౌకగా పట్టుకుపోతున్నారు. ఎవరూ చెయ్యని పని ఏదైనా ఉందా అని చూస్తే డాబాల మీద నీళ్ళు కాచే సోలారు డబ్బాలు కనపడ్డాయి. జంగారెడ్డిగూడెంలో ఒక లాడ్జీకి మొదటిది పెట్టాం. తరవాత కలిదిండి వైపు చేపల చెరువుల మీద కావలి పాకలకు సోలారు లాంతర్లు ఇచ్చాం. బోర్డు మీద "సౌరశక్తి నిపుణులు" అని రాయించాను. నిపుణులు అని బహువచనం ఎందుకండీ, ఉన్నది మీరొక్కరేగా అని పెయింటరు అడిగాడు. మర్యాద కోసమని చెప్పాను.

ఆ బహువచనం నిజం చేద్దామనే మా బావమరిదిని పిలిచాను. వాడు తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లులో ఎలక్ట్రీషియను. మంచి పనివాడు, మాట తక్కువ. నెల తిరిగేసరికి జీతం, మిల్లు వెనకాలే ఉండటానికి రెండు గదులు. అలాంటివాణ్ణి పట్టుకుని, ఊక దుమ్ములో ఎన్నాళ్ళు దగ్గుతావురా, ఎండలోకి రా, లంక ఊళ్ళన్నింటికీ వీధిదీపాలు మనవే అని ఊదరగొట్టాను. వాడు పెళ్ళాంపిల్లలతో సామాను లారీలో వేసుకుని ఏలూరు వచ్చేశాడు. వచ్చాక చూస్తే లంక ఊళ్ళన్నీ ఇంకా మనవి కాలేదు. ముందు ఒక్క ఊళ్ళో పెట్టి చూపించమన్నారు సర్కారు సోలారు ఆఫీసువాళ్ళు. హైదరాబాదు ఆఫీసునుంచి ఇంజనీరు వచ్చి, సాయంత్రం దీపాలు వెలగడం కళ్ళారా చూసి సరేనంటే మమ్మల్ని తమ జాబితాలో చేర్చుకుంటారు. మిగతా లంకల పని మాకొస్తుంది. లేకపోతే లేదు. ఉన్న ఒక్క కొట్టు మీద రెండు సంసారాలు నడవవు, అది నాకూ తెలుసు, వాడికీ తెలుసు. మిల్లు ఓనరు మంచివాడు. నెలాఖరు దాకా నీ చోట్లో ఎవర్నీ పెట్టను, ఆ తరవాత నా చేతుల్లో లేదు అని వాడికి చెప్పి పంపించాడట. ఇంజనీరు వచ్చేది సరిగ్గా ఆ నెలాఖరు వారంలోనే.

బయల్దేరే రోజు పొద్దున్న మా ఆవిడ క్యారేజీ కడుతూ తలెత్తకుండా అంది. "వాణ్ణి పిలిచింది మీరు. దీపాలు వెలక్కపోతే మిల్లు గేటు దగ్గరికి వాడితోపాటు మీరే వెళ్ళి నిలబడండి. మా అమ్మకి నేను ఫోన్ చెయ్యను."

నేను నవ్వేసి, వెలక్కపోవడమేమిటే పిచ్చిదానా అన్నాను. ఆ క్యారేజీలో ఏం పెట్టిందో ఇప్పటికీ తెలీదు. ఆ రోజు మూత తియ్యలేదు.

వచ్చిన ఇంజనీరు ఆడమనిషి. నలభై ఏళ్ళుంటాయేమో. కళ్ళజోడు, నూలు చీర, చేతిలో అట్టకి బిగించిన కాగితాలు. గట్టు దాకా జీపులో తీసుకొచ్చి మోటారు పడవ ఎక్కించాం. ఆ పడవ ప్రయాణం గురించి నేను చెప్పే కథలో తుఫాను వస్తుంది, పడవ ఒరుగుతుంది, నేను ఒక చేత్తో ఇంజనీరమ్మగార్ని, ఇంకో చేత్తో కాగితాల్ని కాపాడతాను. నిజానికి కాస్త గాలి వేసింది. నీళ్ళమీద తేలే గుర్రపుడెక్క ఇంజను రెక్కకి చుట్టుకుని పడవ ఆగింది. పడవతను వంగి చేత్తో పీకేశాడు. ఆవిడ ఆ పూట గూడబాతుల్ని చూస్తూ హాయిగా కూర్చుంది. అదుపు తప్పి ఒరిగిందల్లా నా నోరే.

ఆవిడ ఊరుకున్నా నేనూరుకోలేదు. మేడమ్, మా దీపాలకి స్విచ్చి లేదండి అన్నాను. మనిషి చెయ్యి పడక్కర్లేదు, సూర్యుడు దిగాడంటే వాటికే తెలుస్తుంది, వాటంతటవే వెలుగుతాయి, తెల్లారితే వాటంతటవే ఆరిపోతాయి అన్నాను. అది అబద్ధం కాదు. స్తంభం మీద పలక ఉంటుంది, కింద పెట్టెలో బ్యాటరీతోపాటు కంట్రోలరు అని ఒక చిన్న పరికరం ఉంటుంది. పలక మీద ఎండపడి కరెంటు వస్తున్నంతసేపూ అది బ్యాటరీ నింపుతుంది. పలకనుంచి కరెంటు రావడం ఆగితే చీకటి పడిందనుకుని బల్బు వెలిగిస్తుంది. అంతే సంగతి. నేను మాత్రం దానికి మనిషిని మించిన బుద్ధి ఉన్నట్టు చెప్పాను.

ఆవిడ అంతా విని, "అయితే మంచిదండీ. నేను చూస్తున్నంతసేపూ ఎవరూ స్తంభాన్ని ముట్టుకోకూడదు. పెట్టె తెరవకూడదు. మీరన్నట్టే వాటంతటవే వెలగాలి. అదే రాసుకుంటాను," అంది.

పడవ చివర కూర్చున్న బావమరిది నావైపు చూశాడు. బావా, నోరు ముయ్యవా అన్నట్టుంది ఆ చూపు.

ఊళ్ళో దిగేసరికి నాకు కళ్ళు చెదిరాయి. లంకలో చాలా ఇళ్ళు చర్చికి వెళ్ళేవాళ్ళవి. అక్కడి పాస్టరుగారు పెద్దవయసాయన, మాట మెత్తన. ఊరికి ఏ మంచి జరిగినా ముందుండేది ఆయనే. మా స్తంభాలకు గోతులు తవ్వించింది కూడా ఆయనే. హైదరాబాదునుంచి ఆఫీసరమ్మగారు వస్తున్నారంటే ఊరుకుంటారా. క్రిస్మస్‌కి, మీటింగులకి వాడే సామానంతా బయటికి తీయించారు. మా స్తంభాలకే తాళ్ళు కట్టి సీరియల్ బల్బుల సెట్లు వేలాడదీశారు. వీధికి అటూ ఇటూ రంగుకాగితాలు. చర్చి డాబా మీద ఫోకస్ లైట్లు వరసగా పెట్టి వీధివైపు తిప్పారు. చర్చి వెనక జనరేటరు అప్పటికే డగడగలాడుతోంది. కరెంటు ఆ ఊరికి ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలీదు కాబట్టి పాస్టరుగారు దాన్ని నమ్ముకోలేదు.

అదంతా చూసి నా ఛాతీ వెడల్పయింది. ఇంజనీరమ్మగారు వింటుండగానే, పాస్టరుగారూ, ఆ కొసనున్న ఫోకస్ లైటు కాస్త పైకెత్తించండి, మా పలకలు తళతళలాడతాయి, వీధి చివర చేపల ఐసు షెడ్డు మలుపు దాకా కూడా పెట్టించండి అని సలహా ఇచ్చాను. ఆయన వెంటనే మనుషుల్ని పురమాయించారు. లైట్లన్నీ పైకెత్తారు. మలుపు దాకా మాత్రం వైరు చాల్లేదు. అందుకు నేను కాస్త నొచ్చుకున్నాను కూడా.

వీధి మధ్యలో కుర్చీ వేసి ఇంజనీరమ్మగార్ని కూర్చోబెట్టారు. ఆడపిల్లలు పాట మొదలుపెట్టారు. నీళ్ళమీద పొద్దు ఎర్రబడి, చివరికి గుర్రపుడెక్కలోకి దిగిపోయింది. పక్షులు గుంపులుగుంపులుగా తిరిగొచ్చాయి. ఆవిడ కలం తీసి చేతిగడియారం చూసుకుంది. నేను చేతులు వెనక్కి కట్టుకుని, పెళ్ళికూతురు తండ్రిలా నవ్వుతూ నిలబడ్డాను.

దీపాలు వెలగలేదు.

మొదట నేనేమీ కంగారుపడలేదు. ఇంకా వెలుతురుంది కదా అనుకున్నాను. పాట అయిపోయింది. ఇంకో పాట మొదలైంది. ఆకాశం నీలం పోయి నల్లబడింది. చర్చి వెనక కొబ్బరిచెట్లు కనపడటం మానేశాయి. స్తంభాల మీద మా బల్బులు మూసిన కళ్ళలా ఉన్నాయి.

ఇంజనీరమ్మగారు నన్ను పిలిచారు. నేను వెళ్ళి, కొల్లేరు మీద వెలుతురు కాస్త ఎక్కువసేపు నిలుస్తుందండి, నీళ్ళు కదా, మెరుస్తాయి అన్నాను. ఆవిడ నీళ్ళవైపు చూసింది. అక్కడ ఏదీ మెరవడంలేదు. కాగితం మీద ఏదో రాసుకుంది. ఆ రాత నాకు తలకిందులుగా కనపడింది, చదవలేకపోయాను.

బావమరిది మలుపు ఇవతల ఉన్న ఒక్కొక్క స్తంభం దగ్గరికీ వెళ్ళి, ముట్టుకోకుండా, మెడ వెనక్కి వంచి చూసి వస్తున్నాడు. ముందురోజే ప్రతి బ్యాటరీ వాడే చూశాడు, ప్రతి బల్బూ వాడే బిగించాడు. ముందురోజు సాయంత్రం అన్నీ వెలిగాయి కూడా. ఒకటి పాడైందంటే అర్థముంది. అన్నీ ఒకేసారి ఎలా చస్తాయి? పెట్టె తెరిచి చూస్తే తెలుస్తుంది, తెరవకూడదు. నేనే పడవలో గొప్పలు పోయి ఆ తాళం వేయించుకున్నాను.

పడవతను వచ్చి, గాలి లేస్తోందండి, ఆలస్యమైతే అమ్మగార్ని తీసుకెళ్ళడం కష్టం అని పాస్టరుగారితో చెప్పాడు. భోజనాలు పెట్టేద్దామా అని పాస్టరుగారు నన్నడిగారు. నేను వద్దన్నానో పెట్టమన్నానో గుర్తులేదు.

బావమరిది నా పక్కకొచ్చి నిలబడ్డాడు. వాడి గొంతులో కోపం ఉంటే బాగుండేది.

"బావా, రేపు మొదటి బస్సుకి గూడెం మిల్లుకి వెళ్తాను. నువ్వు రానక్కర్లేదు. అక్కతో నేను చెప్పుకుంటాలే."

నాకు నోట మాట రాకపోవడం వాడు అదే మొదటిసారి చూడటం.

అప్పుడు ఒకావిడ వీధి చివరనుంచి నెత్తిమీద అన్నం గిన్నె పెట్టుకుని వచ్చింది. గిన్నె దింపుతూ పాస్టరుగారితో మామూలుగా అంది, "మా ఇంటి దగ్గరది వెలిగిందండి. గుమ్మంలో పిల్లలు ఆడుకుంటున్నారు."

నేనూ బావమరిదీ పరుగెత్తాం. పరుగెత్తాం అంటే వాడు పరుగెత్తాడు, నేను పంచె పట్టుకుని వెనకాల వెళ్ళాను. ఐసు షెడ్డు మలుపు తిరిగితే, వీధి కొసన ఒకే ఒక్క స్తంభం, తెల్లగా వెలుగుతోంది. కింద పిల్లలు కుంటాట ఆడుతున్నారు. ఆ మలుపు దాకా పాస్టరుగారి వైరు రాలేదు. ఇద్దరం ఒకేసారి వెనక్కి తిరిగి చర్చి డాబా వైపు చూశాం. నేను పైకెత్తించిన ఫోకస్ లైట్లు మా పలకల మొహాన పగల్లా కొడుతున్నాయి. పలకలనుంచి కరెంటు వస్తూనే ఉంది. సూర్యుడు ఇంకా దిగలేదని మా కంట్రోలర్లు నమ్మకంగా కూర్చున్నాయి.

నా బుర్ర వెంటనే దొంగదారి పట్టింది. జనరేటరు ఆయిలు అయిపోయిందని చెప్పి ఆపేద్దాంరా అన్నాను.

"అవి ఆరగానే ఇవి వెలిగితే ఆవిడకి తెలీదా బావా? ఇంజనీరు. అప్పుడు దీపాలే కాదు, మనం కూడా దొంగలం." వాడు చెమట తుడుచుకున్నాడు. "వెళ్ళి చెప్పు. నువ్వే చెప్పాలి. పడవలో నువ్వే కదా చెప్పింది."

ఆ మలుపునుంచి ఆ కుర్చీ దాకా నడక ఎంత దూరమో చెప్పమంటే నేను ఏలూరునుంచి గూడెం అంత అంటాను. నాలుగిళ్ళ దూరం. వాటంతటవే తెలుసుకుంటాయని గొప్పలు పోయినవాణ్ణి, వాటికి ఫోకస్ లైటుకీ పొద్దుకీ తేడా తెలీదని చెప్పబోతున్నాను. పండగొచ్చిన ప్రతి ఊళ్ళోనూ ఇవి ఇలాగే మోసపోతాయని ఆవిడ రాసేస్తే? ఆ మాట నిజమే కదా. అక్కడే ఒకసారి ఆగాను. వెనక బావమరిది చెప్పుల చప్పుడు కూడా ఆగింది.

"మేడమ్, మా దీపాలకి నేనన్నంత తెలివి లేదండి," అన్నాను. "వెలుగు ఎక్కడిదైనా పగలే అనుకుంటాయి. ఆ ఫోకస్ లైట్లు ఆర్పితే వెలుగుతాయి. వాటిని పైకెత్తించింది కూడా నేనే."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని డాబా వైపు చూసింది, పలకల వైపు చూసింది. ఏమంటుందోనని నేను చూస్తుంటే, పక్కనున్న పాస్టరుగారి మొహం మారిపోయింది. ఆయన రెండు రోజులుగా ఊరంతా తిరిగి ఆ సంబరం కూర్చారు.

"వచ్చిన మనిషిని చీకట్లో కూర్చోబెట్టమంటారా కంట్రాక్టరుగారూ? ఈ ఊళ్ళో ఎప్పుడూ అలా జరగలేదండి."

పాట పాడుతున్న పిల్లలు ఆపేశారు. నేను ఆయన మర్యాద తీసినట్టే అయింది. ఆయన కాదంటే, ఆ ఊళ్ళో జనరేటరు ఆపేవాడు లేడు. ఇంజనీరమ్మగారు లేచి ఆయన దగ్గరికి వెళ్ళి చేతులు జోడించింది.

"నేను చీకట్లో కూర్చోడానికే వచ్చానండి పాస్టరుగారూ."

ఆయన కాసేపు ఆవిడ చేతులవైపే చూశారు. తరవాత జనరేటరు దగ్గరున్న మనిషికి చెయ్యి ఊపారు.

డగడగ ఆగిపోయింది. ఊరంతా ఒక్కసారి చీకట్లో పడింది. అంతకుముందున్న వెలుగుకి కళ్ళు అలవాటుపడి, ముందున్న మనిషి కూడా కనపడలేదు. పడవలకి నీళ్ళు తగిలే చప్పుడు, దోమలు, ఎవరో పిల్ల కిసుక్కున నవ్వితే తల్లి నెత్తిన మొట్టిన చప్పుడు. దీపాలు వెంటనే రావు. నిజంగా చీకటేనా, మబ్బు అడ్డొచ్చిందా అని కంట్రోలరు కాసేపు ఆగి చూస్తుంది. ఆ సంగతి నాకు తెలుసు. ఆ సమయంలో నేను కొండలా నిలబడ్డానని అందరికీ చెబుతాను. నిజానికి తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను. ఆయన స్థలం కదా అని పాస్టరుగారి దేవుడికి కూడా మొక్కాను. పాస్టరుగారు కూడా చీకట్లో గొణుక్కుంటున్నారు. అది ప్రార్థనో నామీద విసుగో తెలీదు. నా మోచెయ్యి బావమరిది పట్టుకున్నాడో, వాడిది నేను పట్టుకున్నానో, మర్నాటికి కమిలి ఉంది.

బడి దగ్గరది ముందు మిణుకుమంది. ఆరింది. మళ్ళీ మిణుకుమని నిలిచింది. తరవాత దాని ఎదురుది. తరవాత రేవు దగ్గరవి రెండూ. ఒకదాని తరవాత ఒకటి, తొందరేమీ లేనట్టు, ఆ చిన్న బల్బులు పాలిపోయిన తెలుపుతో మొదలై నెమ్మదిగా గట్టిపడ్డాయి. వీధి ఈ కొసనుంచి ఆ కొస దాకా మనుషులకి మళ్ళీ మొహాలొచ్చాయి. ఫోకస్ లైట్ల ముందు అది ఏపాటి వెలుగు. కానీ ఎవరూ ఆ మాట అనలేదు.

ఒకటి మాత్రం వెలగలేదు. సరిగ్గా చర్చి ముందుది. ఇంజనీరమ్మగారు, ఇప్పుడు ముట్టుకోవచ్చండి అనేలోపే బావమరిది సగం ఎక్కేశాడు. సీరియల్ సెట్టు తాడు బిగించినప్పుడు బల్బు వైరు లాగేశారు. రేపు వెలుతుర్లో కడతానని పైనుంచే చెప్పాడు. ఆవిడ అదీ రాసుకుంది.

భోజనాలకి వీధిలోనే బారుగా చాపలు పరిచారు. పాస్టరుగారు జనరేటరు మళ్ళీ వేయించలేదు. ఇంజనీరమ్మగారి విస్తరి దగ్గర తనే కూర్చుని పరిగెల పులుసు వడ్డించారు. పరిగె అంటే నోట్లో పెట్టుకోడానికి ధైర్యం కావాలి, ఒళ్ళంతా ముళ్ళే. ఆయన ఒక చేపని పైన ఉన్న దీపం వైపు ఎత్తి, గోటితో ముల్లు లాగి, ఆ ముల్లుని వెలుగులో తిప్పితిప్పి చూశారు.

"కనపడుతోందండి," అన్నారు, నావైపు చూడకుండా.

ఇంజనీరమ్మగారు నములుతూ, స్తంభం కింద చేత్తో వెలిగించుకునే స్విచ్చి ఒకటి పెట్టండి కంట్రాక్టరుగారూ, ఊళ్ళన్నాక పండగలుంటాయి, అది పెట్టి చూపిస్తే మీ పేరు జాబితాలో రాస్తాను అంది. ఆ రాత్రి ఆవిడ నాకు శాలువా కప్పి, మీలాంటివాళ్ళు జిల్లాకి ఒకరుండాలి అందని నేను ఇప్పటికీ చెబుతుంటాను. శాలువా లేదు. నేను కూర్చున్నది ఆ వెలగని స్తంభం కింద. చీకట్లో తడుముకుంటూ తింటూ, జాబితా మాట వినగానే నోరు తెరిచాను, ముల్లు గొంతులో పడింది. ఆవిడ నాతో ఆ తరవాత అన్నదల్లా "నీళ్ళు తాగండి" అనే.

నీళ్ళకి అది దిగలేదు. బావమరిది ఉత్త అన్నం ముద్ద చేసి నా నోట్లో కుక్కి, వీపు మీద దబదబా చరుస్తూ, స్విచ్చి పెట్టెకి తుప్పు పట్టకుండా రబ్బరు మూత కావాలి బావా, రేపు పొద్దున్నే బజారుకెళ్ళాలి అన్నాడు. ఏ ఊరి బజారు, ఏలూరా గూడెమా అని అడగబోయాను. మాట రాలేదు. వాడే అన్నాడు, ఏలూరులో దొరక్కపోతే బెజవాడ పోదాం అని.